సముద్రంలో కొత్తగా పుట్టిన అగ్నిపర్వత ద్వీపం మీదకి ప్రాణం ఎలా చేరుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదండి. సముద్రం మధ్యలో అగ్నిపర్వతం లేచి కొత్త ద్వీపం పుడితే అక్కడ లావా, బూడిద తప్ప మట్టి కూడా ఉండదు కదా, మరి మొక్కలు, పురుగులు, పక్షులు ఎక్కడినుంచి వస్తాయి, ముందు ఏది వస్తుంది, పుస్తకంలో చదివిన లైకెన్లు (రాళ్ళ మీద పొరలా పట్టేవి), నాచు, గడ్డి, పొదలు, చెట్లు అనే వరస నిజంగా అలాగే జరుగుతుందా, అడవి అవడానికి ఎన్నేళ్ళు పడుతుంది. చివర్లో ఇంకోటి కూడా అడిగారు, మనమే నాలుగు బస్తాల విత్తనాలు తీసుకెళ్ళి చల్లితే పని త్వరగా అయిపోదా అని.

ముందే సూటిగా చెప్పేస్తాను. ప్రాణం అక్కడికి చేరడం అంత కష్టం కాదు, చేరింది నిలబడటమే కష్టం. విత్తనాలు, పురుగులు, స్పోర్లు (నాచు, బూజుల దుమ్ములాంటి బీజాలు) మొదటి ఏడాది నుంచే వస్తూనే ఉంటాయి, గాలికి కొన్ని, నీళ్ళ మీద కొన్ని, పక్షులతో కొన్ని. కానీ వచ్చినవాటిలో చాలావరకు చచ్చిపోతాయి, ఎందుకంటే కొత్త లావాలో నైట్రోజన్ ఉండదు, బూడిద నేలలో నీళ్ళు నిలవవు. ఆ నైట్రోజన్ ఏదో ఒక దారిలో వచ్చిన రోజు నుంచే అసలు కథ మొదలవుతుంది. పుస్తకంలో వరస మాత్రం మీరు అనుకున్నంత కచ్చితంగా జరగదు, మనకి బాగా రికార్డ్ అయిన ద్వీపంలో అయితే పూల మొక్కే ముందు వచ్చింది, నాచు, లైకెన్లు తర్వాత వచ్చాయి.

నా సంగతి రెండు ముక్కల్లో, ఎందుకంటే ఎవరు చెప్తున్నారో తెలిస్తే మీకు నమ్మకం ఉంటుంది. నేను బోటనీ చెప్తాను, నా ఫీల్డ్ పని అంతా రెండు చోట్ల: ఒకటి గోదావరి సముద్రంలో కలిసే దగ్గర వరదలకి కొత్తగా పడే ఇసుక మేటలు, తీరం దిబ్బలు, రెండోది ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల దగ్గర తవ్వి పోసిన ఓబీ గుట్టలు (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు మీద నుంచి తీసేసిన రాతి మట్టి). రెండూ కొత్త నేలలే, రెండింటి మీదా ఏది ముందు మొలుస్తుంది, ఏది చస్తుంది అని లెక్క రాసుకోవడమే నా పని. అగ్నిపర్వత ద్వీపాల సర్వేలు నేను ఏళ్ళుగా చదువుతూ క్లాసులో చెప్తూ ఉన్నాను, నా నేలలతో పోల్చి చూసుకోవడానికి.

ఇక అసలు కేసు, ఐస్‌లాండ్ దగ్గర సుర్ట్‌సే ద్వీపం. ఈ సబ్జెక్టులో దీనికంటే మంచి కేసు ఇంకోటి లేదు, ఎందుకు లేదో కూడా చెప్తాను.

1963 నవంబర్ 14 పొద్దున్నే ఐస్‌లాండ్ దక్షిణాన వెస్ట్‌మన్ దీవుల దగ్గర చేపలు పడుతున్న ఒక పడవ వాళ్ళకి సముద్రం మీద నల్లటి పొగ కనిపించింది, ఏదో పడవ తగలబడుతోందేమో అని దగ్గరికి వెళ్ళి చూస్తే సముద్రమే పేలుతోంది. అక్కడ లోతు సుమారు 130 మీటర్లు, అంత లోతు నుంచి అగ్నిపర్వతం పైకి పేర్చుకుంటూ వచ్చి ఒకటి రెండు రోజుల్లో నీటి పైన ద్వీపంగా తేలింది. వాళ్ళ పురాణాల్లో అగ్నికి సంబంధించిన సుర్ట్ అనే రాక్షసుడి పేరు పెట్టారు. పేలుళ్ళు 1967 జూన్ 5 వరకు అంటే మూడున్నరేళ్ళు ఆగుతూ సాగుతూ జరిగాయి, ఆగేటప్పటికి ద్వీపం దాదాపు 2.7 చదరపు కిలోమీటర్లు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చాలామంది వదిలేస్తారు. మొదట్లో పడింది అంతా వదులు బూడిద, అది అలాగే ఉండిపోయి ఉంటే ఒకటి రెండు చలికాలాల్లోనే సముద్రం కడిగేసేది. నిజంగానే పక్కనే అదే టైంలో పుట్టిన ఇంకో రెండు చిన్న ద్వీపాలు, సిర్ట్‌లింగుర్, యోల్నిర్ అనేవి, కొన్ని నెలలకే కనిపించకుండా పోయాయి. సుర్ట్‌సే బతికింది ఎందుకంటే 1964 ఏప్రిల్ నుంచి సముద్రపు నీళ్ళు బిలంలోకి రావడం ఆగి లావా ప్రవహించడం మొదలైంది, ఆ లావా గట్టిపడి బూడిద గుట్టలకి కవచంలా నిలబడింది. లోపల వేడికి, ఆవిరికి మిగతా బూడిద కూడా గట్టి రాయిగా మారింది, దాన్ని పాలగోనైట్ టఫ్ అంటారు. ప్రాణం చేరాలంటే ముందు నేల ఉండాలి కదా, అసలు చాలా కొత్త ద్వీపాలు ఈ పరీక్ష దగ్గరే ఫెయిల్ అవుతాయి. టోంగా దేశంలో 2014 డిసెంబర్, 2015 జనవరిల్లో హుంగా టోంగా దగ్గర పుట్టిన కొత్త నేల ఏడేళ్ళు ఉండి 2022 జనవరి 15 పేలుడులో దాదాపు మొత్తం పోయింది, దాని మీద అప్పటికే మొక్కలు మొలిచాయి, పక్షులు గూళ్ళు పెట్టాయి, అన్నీ పోయాయి.

సుర్ట్‌సే గొప్ప ఏంటంటే ఐస్‌లాండ్ వాళ్ళు చాలా ముందుచూపుతో 1965లోనే, ఇంకా పేలుళ్ళు జరుగుతుండగానే, దాన్ని రిజర్వ్‌గా ప్రకటించి జనాన్ని ఆపేశారు. పర్మిషన్ ఉన్న సైంటిస్టులు తప్ప ఎవరూ దిగకూడదు, దిగేవాళ్ళు కూడా బట్టల్లో, బూట్లలో, బ్యాగుల్లో విత్తనాలు ఏమీ లేకుండా చూసుకుని దిగాలి. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అందుకే అక్కడ ఏది మొలిచినా అది మనిషి తేకుండా వచ్చింది అని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం, మొదటి రోజు నుంచి లెక్క ఉంది.

దీన్ని క్రకటౌతో పోల్చి చూడండి. ఇండోనేషియాలో 1883 ఆగస్టు 27న క్రకటౌ అనే అగ్నిపర్వత ద్వీపం పేలింది, మిగిలిన ముక్క మీద ఏమీ బతకలేదు అని అందరూ రాశారు, తొమ్మిది నెలల తర్వాత 1884 మేలో వెళ్ళిన ఫ్రెంచ్ బృందంలో కొత్తో అనే ఆయనకి ఒక్కటంటే ఒక్క చిన్న సాలీడు కనిపించింది, అంతే. కానీ తర్వాత 1929లో బ్యాకర్ అనే డచ్ బోటనిస్ట్ గట్టిగా అడిగాడు, బూడిద కింద ఏ వేరో ఏ గింజో బతికి లేదని మీరు ఎలా చెప్తారు, ఎవరు తవ్వి చూశారు అని. దానికి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. సుర్ట్‌సే విషయంలో ఆ గొడవే లేదు, 1963కి ముందు అక్కడ ఉన్నది సముద్రం అడుగు.

ఏది ఎలా వచ్చింది

1964లోనే బాక్టీరియా, బూజు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన గింజలు, గాలికి వచ్చిన ఈగల్లాంటి చిన్న పురుగులు కనిపించాయి. చుట్టూ లావా ఇంకా పారుతున్న రోజులు అవి. సాలీళ్ళు వస్తాయి అంటే నమ్మబుద్ధి కాదు కానీ పిల్ల సాలీడు ఎత్తైన చోటికి ఎక్కి దారం గాల్లోకి వదిలితే ఆ దారమే దాన్ని లేపుకుపోతుంది, సముద్రం మధ్య ఓడల మీద కూడా ఇలా వచ్చిపడిన సాలీళ్ళు దొరుకుతుంటాయి.

1965 జూన్‌లో మొదటి మొక్క. సీ రాకెట్ అంటారు, మన ఆవాల కుటుంబమే, తీరం ఇసుకలో పెరిగేది, కాయ తేలికగా తేలుతుంది. అలలు తెచ్చి పడేసిన చెత్త వరసలో మొలిచింది. గమనించండి, మొదటిది లైకెన్ కాదు, నాచు కాదు, పూల మొక్క. ఎందుకంటే సముద్రం తెచ్చే చెత్త వరసలో కుళ్ళిన సముద్రపు పాచి ఉంటుంది, అది ఎరువు, తడి ఉంటుంది, గింజలో సొంత తిండి ఉంటుంది. లావా రాయి మీద ఇవేమీ లేవు. నాచు 1967లో కనిపించింది, లైకెన్లు 1970లో. ఆ మొదటి సీ రాకెట్లు గింజ కట్టకముందే పక్కన పేలుతున్న అగ్నిపర్వతం బూడిద పడి పోయాయి.

పుస్తకంలో వరస తప్పని నేను అనను, అది బండరాయికి సంబంధించిన వరస. ఒక ద్వీపం మీద బండరాయి, ఇసుక, బూడిద వాలు, ఒడ్డు, పక్షుల చోటు అన్నీ ఉంటాయి, ఒక్కో చోట ఒక్కో కథ నడుస్తుంది, ఒకే టైంలో. పిల్లలకి పరీక్షలో రాయడానికి ఒకే గీత ఇస్తాం, నేల మీద ఆ గీత కనిపించదు. ఇంకో సంగతి, ఆ హుంగా టోంగా కొత్త నేల మీద మట్టి శాంపిల్స్ తీసిన సైంటిస్టులు మామూలుగా ముందు వచ్చే నీలి ఆకుపచ్చ బాక్టీరియా దొరుకుతుంది అనుకున్నారు, దొరికింది గంధకాన్ని, వాతావరణంలో ఉండే వాయువుల్ని వాడుకుని బతికే రకాలు. అంటే మొదటి మెట్టు దగ్గరే ద్వీపానికో దారి.

మళ్ళీ సుర్ట్‌సేకి వస్తే, 1966, 67ల్లో ఇంకొన్ని తీరం మొక్కలు వచ్చాయి, లైమ్ గ్రాస్, ఆయిస్టర్ ప్లాంట్, సీ శాండ్‌వర్ట్. వీటిలో నిజంగా గెలిచింది సీ శాండ్‌వర్ట్. నేలకి అంటుకుని పాకే చిన్న మొక్క, ఆకులు దళసరిగా, మెరుస్తూ ఉంటాయి, నీళ్ళు దాచుకుంటాయి. గాలికి ఎగిరే ఇసుక ఆ మొక్క మధ్యలో చిక్కుకుని పేరుకుంటుంది, పేరుకున్నకొద్దీ మొక్క పైకి పెరుగుతుంది, చివరికి అదో చిన్న దిబ్బ అవుతుంది, ఆ దిబ్బ లోపల తడి, నీడ. లైమ్ గ్రాస్ అక్కడే ఊపందుకుంటుంది. 1971లో సీ శాండ్‌వర్ట్ ద్వీపం మీదే పూసి గింజ కట్టింది, ఆ తర్వాత ఇసుక నేలంతా అదే పాకింది.

ఇదే పద్ధతి మన తీరంలో నేను కళ్ళతో చూస్తున్నాను కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. గోదావరి వరద తగ్గాక సముద్రం ముఖద్వారం దగ్గర కొత్త ఇసుక మేట పడుతుంది, వెళ్ళి చూస్తే అలల గీత వెంబడి గుర్రపుడెక్క, కొబ్బరి డొక్కలు, థర్మోకోల్ ముక్కలు, తెగిన చెప్పులు ఒక వరసగా పడి ఉంటాయి, ఆ చెత్తని చేత్తో కదిలిస్తే మధ్యలో శెనగ గింజంత నల్లటి, మీద సన్నటి నూగున్న గింజలు దొరుకుతాయి, అవి బాలబండ తీగవి, మేక డెక్కలా రెండుగా చీలిన ఆకు, ఊదా రంగు పువ్వు, బీచ్‌లో మీరు తప్పకుండా చూసే ఉంటారు. గింజని కోసి చూస్తే లోపల కొంచెం ఖాళీ ఉంటుంది, ఆ గాలి వల్లే తేలుతుంది, పెంకు ఎంత గట్టిదంటే ఉప్పునీళ్ళు లోపలికి పోవు, నెలల తరబడి తేలినా గింజ చావదు. ఇంట్లో మొలిపించాలంటే బ్లేడుతో చిన్న గాటు పెట్టి నానబెట్టాలి, లేకపోతే కదలదు, సముద్రంలో ఆ గాటు పని ఇసుక రాపిడి చేస్తుంది. తర్వాత వచ్చేది రావణాసురుడి మీసాలు అనే గడ్డి, ముళ్ళ బంతుల్లాంటి దాని కంకులు గాలికి తడి ఇసుక మీద దొర్లుకుంటూ పోయి ఎక్కడ తట్టుకుంటే అక్కడ గింజలు రాల్చుతాయి.

ఇది అగ్నిపర్వతానికి సంబంధం లేని విషయం అనుకోకండి. క్రకటౌ మధ్యలో 1927లో నీటి పైకి వచ్చిన కొత్త అగ్నిపర్వతం, అనక్ క్రకటౌ, దాని ఒడ్డున మొదట్లో పాకింది ఇదే బాలబండ తీగ. బూడిద వాలు మీద లేచింది మన లంకల్లో ఉండే రెల్లు గడ్డే. ఒడ్డు వెంట లేచిన చెట్లు సరుగుడు. అంటే మన కోనసీమ తీరం మొక్కలూ ఆ ద్వీపం మొక్కలూ ఒకటే, ఎందుకంటే ఇవన్నీ సముద్రాన్నో గాలినో నమ్ముకుని బతికే జాతులు, ఉష్ణ మండలం అంతా ఇవే తిరుగుతుంటాయి. సరుగుడు వేళ్ళలో నైట్రోజన్ పట్టుకునే బాక్టీరియా ఉంటుంది, అందుకే అది వట్టి బూడిదలో కూడా లేస్తుంది.

అసలు మలుపు

సుర్ట్‌సేలో మొదటి ఇరవై ఏళ్ళలో సుమారు 20 జాతుల మొక్కలు వచ్చాయి, వాటిలో నిలదొక్కుకున్నవి సగమే. ఒక దశలో అందరూ ఇక ఇంతే, ఇది ఇలాగే బోసిగా ఉండిపోతుంది అనుకున్నారు. గింజలు రావట్లేదా అంటే వస్తూనే ఉన్నాయి. కొత్త లావాలో భాస్వరం, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము లాంటివి రాతిలోనే ఉంటాయి, నెమ్మదిగా విడుదల అవుతాయి, కానీ నైట్రోజన్ రాతిలో ఉండదు. ఉప్పు, కారం, పసుపు అన్నీ ఉండి బియ్యం లేని వంటిల్లు అది.

1986 ప్రాంతంలో సీగల్స్ ద్వీపం దక్షిణ వైపు లావా మీద గుంపుగా గూళ్ళు పెట్టడం మొదలుపెట్టాయి. అంతకుముందు పక్షులు లేవని కాదు, 1970లోనే ఫుల్మార్, బ్లాక్ గిల్లెమాట్ అనే సముద్ర పక్షులు గూళ్ళు పెట్టాయి, కానీ అవి అంచుల్లో, కొండ చరియల్లో ఉంటాయి. సీగల్స్ మాత్రం చదునుగా ఉన్న లావా నేల మీదే కాలనీ పెట్టాయి. అవి సముద్రంలో చేపలు తిని నేల మీద రెట్ట వేస్తాయి, సగం తిన్న చేపలు పడేస్తాయి, చచ్చిపోయిన పిల్లలు అక్కడే కుళ్ళుతాయి. అంటే సముద్రంలో ఉన్న నైట్రోజన్‌ని రెక్కల మీద మోసుకొచ్చి లావా మీద పోయడం. కొన్నేళ్ళకే ఆ కాలనీ చోట గడ్డి దట్టంగా పట్టింది, మట్టి అనేది తయారవడం మొదలైంది, 1993లో తీసిన మట్టిలో వానపాము కూడా దొరికింది. కాలనీ గీత దాటి బయటికి వస్తే ఇప్పటికీ బోసి లావా, అక్కడక్కడ సీ శాండ్‌వర్ట్ దిబ్బలు. పై నుంచి తీసిన ఫోటోలో ఆ పచ్చ మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో స్పష్టంగా తెలుస్తుంది. రెండు వైపులా అదే వాన, అదే గాలి, దాదాపు అదే వయసు నేల, తేడా పక్షి రెట్ట ఒక్కటే.

ఇంకో విశేషం కూడా ఉంది, ఇది పుస్తకాల్లో సరిగా చెప్పరు. పక్షి విత్తనాలు మోస్తుంది అంటే మనకి పండు తినే పక్షి గుర్తొస్తుంది. సుర్ట్‌సేకి వచ్చిన మొక్కల్లో దాదాపు అన్నీ కండ ఉన్న పండు కాయనివే, గడ్డి, చిన్న చిన్న కలుపు మొక్కలు, సీగల్ పండ్లు తినే పక్షి కాదు. అయినా అక్కడి బోటనిస్టుల అంచనా ప్రకారం ఆ ద్వీపానికి వచ్చిన మొక్కల జాతుల్లో సుమారు 75 శాతం పక్షుల వల్ల, 16 శాతం గాలి వల్ల, 9 శాతం సముద్రం వల్ల. కాళ్ళకి అంటుకున్న బురదలో, ఈకల్లో, గూటికి తెచ్చే పుల్లల్లో, మేతతో పాటు పొట్టలోకి పోయిన గింజల్లో వచ్చాయి. మొదటి ఏళ్ళలోనే స్టుర్లా ఫ్రిడ్రిక్సన్ అనే ఐస్‌లాండ్ సైంటిస్టు వలస వచ్చి ద్వీపం మీద వాలిన స్నో బంటింగ్ అనే పిచ్చుకంత పక్షుల కడుపులో చూస్తే గింజలు దొరికాయి, వాటిని నాటితే కొన్ని మొలిచాయి కూడా. స్కేట్ చేప గుడ్డు సంచీలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, వాటి గరుకు పీచుకి గడ్డి గింజలు చిక్కుకుని ఉన్నాయి. ఎవరూ ముందు ఊహించి రాయని దారి అది.

కాలనీ వచ్చాక మిగతావి వరసగా చేరాయి. గడ్డి పెరిగితే పురుగులు, పురుగులు పెరిగితే వాటిని తినే పక్షులు, 1996లో స్నో బంటింగ్ అక్కడే గూడు పెట్టింది, 2002లో మెడో పిపిట్. 2004లో పఫిన్ అనే సముద్ర పక్షి కూడా గూడు పెట్టింది. 1998లో మొదటి పొద, విల్లో మొక్క. 2004 నాటికి లెక్కలో 60 జాతుల పెద్ద మొక్కలు, 75 జాతుల నాచులు, 71 జాతుల లైకెన్లు, 89 రకాల పక్షులు కనిపించినట్టు రికార్డు, వెన్నెముక లేని చిన్న జీవులు 335 జాతులు. కనిపించినవన్నీ అక్కడే స్థిరపడ్డాయని కాదు, పక్షుల్లో చాలావరకు దారిలో దిగి పోయేవే.

నా ఓబీ గుట్టల మీద కూడా ఇదే పాఠం. గని నుంచి తవ్వి పోసిన ఆ రాతి మట్టిలో నైట్రోజన్ దాదాపు ఉండదు. వానాకాలం గింజలు చల్లితే మొలకలు బాగానే వస్తాయి, ఫోటోలు కూడా బాగుంటాయి, ఎండాకాలం వచ్చేసరికి పసుపుపచ్చబడి పోతాయి. అందుకే మేము ముందు సీమ తంగేడు లాంటివాటి మీద ఆధారపడకుండా, వేళ్ళలో బొడిపెలు కట్టి నైట్రోజన్ పట్టే జాతులు, కానుగ, తుమ్మ, జీలుగ లాంటివి ఎక్కించమంటాం. ఒక గుట్ట మీద కాకులు, కొంగలు రాత్రిళ్ళు వాలడానికి అలవాటు పడ్డ ఎండు చెట్టు ఉండేది, దాని కింద మాత్రం ఎవరూ నాటని మేడి, వేప, ఈత మొలకలు గుత్తులుగా లేచాయి, పది అడుగులు ఇవతలకి వస్తే ఏమీ లేదు. అప్పటినుంచి కొత్త గుట్ట మీద పక్షి వాలడానికి ఎత్తు కర్రలు పాతమని అడిగినవాళ్ళందరికీ చెప్తున్నాను.

అడవికి ఎన్నేళ్ళు?

సుర్ట్‌సే విషయంలో జవాబు, ఎప్పటికీ కాదు. అక్కడ చలి, ఉప్పు గాలి, చుట్టుపక్కల దీవుల్లో కూడా చెట్లు లేవు, గడ్డి మైదానమే దాని పూర్తి రూపం. ఉష్ణ మండలంలో వేరే. క్రకటౌలో మిగిలిన రకాటా ద్వీపానికి 1886లో ట్రొయ్‌బ్ అనే డచ్ బోటనిస్ట్ వెళ్తే బూడిద మీద నీలి ఆకుపచ్చ బాక్టీరియా పొర, దాని మీద ఫెర్న్‌లు, ఒడ్డున కొన్ని పూల మొక్కలు. తర్వాత గడ్డి రాజ్యం, ఆ తర్వాత చెట్లు, 1930 ప్రాంతానికి దాదాపు ద్వీపమంతా అడవి కప్పేసింది. అంటే యాభై ఏళ్ళు. దగ్గర్లోనే జావా, సుమత్రా ఉన్నాయి, నలభై కిలోమీటర్ల దూరంలో విత్తనాల గోదాములు, గబ్బిలాలు, పావురాలు రాత్రింబవళ్ళు మోసుకొచ్చాయి.

అక్కడ అడవి కట్టడంలో పెద్ద పాత్ర మేడి జాతి చెట్లది. మేడిపండు విప్పితే కనిపించే ఆ పురుగులు ఉన్నాయే, అవి చిన్న కందిరీగలు, ఒక్కో మేడి జాతికి దాదాపు దాని సొంత కందిరీగ, అది రాకపోతే చెట్టు పెరుగుతుంది కానీ గింజ కట్టదు. గబ్బిలం గింజ తెచ్చింది, చెట్టు పెరిగింది, కానీ చీమ కంటే చిన్నదైన ఆ కందిరీగ కూడా సముద్రం దాటి సరిగ్గా ఆ చెట్టుని వెతుక్కుని రావాలి. వచ్చింది కూడా. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే, ఎన్నిసార్లు క్లాసులో చెప్పినా ఆ మాట దగ్గర నేనే ఒక నిమిషం ఆగుతాను.

అయితే వెనక్కి పోవడం కూడా ఇందులో భాగమే. అనక్ క్రకటౌ ఎన్నోసార్లు తన మీద మొలిచినదాన్ని తనే బూడిద కింద కప్పేసింది, 2018 డిసెంబర్ 22న ఒక పక్క కూలిపోయి సునామీ వచ్చి 400 మందికి పైగా చనిపోయారు, 338 మీటర్ల కొండ 110 మీటర్లకి దిగింది. సుర్ట్‌సేని సముద్రం రోజూ కొరుకుతూనే ఉంది, ఇప్పటికే సగానికి పైగా విస్తీర్ణం పోయింది. వదులు ఇసుక, లావా ముందు పోతాయి, గట్టి టఫ్ గుట్ట చాలా కాలం నిలబడుతుంది. పక్కన ఉన్న పాత వెస్ట్‌మన్ దీవులు చూస్తే దీని భవిష్యత్తు తెలుస్తుంది, నిటారు రాతి గోడలు, పైన దట్టమైన గడ్డి, గడ్డిలో పఫిన్ బొరియలు, మొక్కల జాతులు మాత్రం కొద్దే. తీరం ఇసుక పోతే తీరం మొక్కలు పోతాయి, దట్టమైన గడ్డి చిన్నవాటిని తొక్కేస్తుంది, కాబట్టి జాతుల సంఖ్య పెరిగి పెరిగి మళ్ళీ తగ్గుతుంది.

ఇక విత్తనాలు చల్లే మాట. మీరు మంచి మనసుతో అడిగారు, కానీ వద్దండి. సుర్ట్‌సేలో ఒకసారి లావా మధ్య తెలియని మొక్క మొలిచింది, చూస్తే టమాటా. ఎవరో సైంటిస్టు బహిర్భూమికి వెళ్ళిన చోట మొలిచింది అది. వెంటనే పీకేశారు. ఒక్క టమాటాకి అంత హడావుడి ఎందుకంటే, అక్కడ తెలుసుకోవాల్సిందే ప్రాణం తనంతట తను ఎలా వస్తుంది అనేది, మనం ఒక గింజ వేసినా ఆ ప్రశ్నకి జవాబు శాశ్వతంగా చెడిపోతుంది. పైగా పైన చెప్పినట్టు గింజ కొరత కాదు అక్కడి సమస్య.

మనుషులు తెచ్చిపెడితే ఏమవుతుందో మన దేశంలోనే ఉంది, అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి దాని పేరు శ్రీ విజయ పురం) ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో బ్యారెన్ ఐలాండ్, దేశంలో చురుగ్గా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే. చాలా ఏళ్ళు నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. దాని మీద మేకలు ఉన్నాయి, ఎప్పుడో ఓడల వాళ్ళు వదిలినవాటి సంతతి. మేక ఉన్న చోట ఏ మొలక సహజంగా నిలిచింది, ఏది మేక తినకపోవడం వల్ల మాత్రమే మిగిలింది అని విడదీసి చెప్పడం చాలా కష్టం. అదే వరసలో ఉత్తరాన నార్కొండం ఉంది, అదీ అగ్నిపర్వతమే కానీ ఎప్పుడో చల్లబడింది, కొండంతా దట్టమైన అడవి, ప్రపంచంలో ఇంకెక్కడా లేని నార్కొండం హార్న్‌బిల్ అక్కడే ఉంటుంది, మేడి జాతి పండ్లు తిని బతుకుతుంది. ఒకే జాతి అగ్నిపర్వతాలు, ఒకటి ఇంకా మండుతూ, ఒకటి అడవిగా, ఒకే వరసలో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, చుట్టాలుంటే వెళ్ళినప్పుడు అడగండి, బ్యారెన్‌ని పడవ మీద నుంచి చూడటానికి పర్మిషన్ తీసుకుని తీసుకెళ్తుంటారు, దిగనివ్వరు.

మీరు స్టూడెంట్ అయితే, లేదా ఇంట్లో పిల్లలకి చూపించాలంటే అంత దూరం అక్కర్లేదు. వరద తగ్గాక మీ దగ్గర్లో ఏ నదిలో అయినా కొత్త ఇసుక మేట చూసుకోండి, నాలుగు కర్రలు పాతి మీటరు చదరం తాడు కట్టండి, అలాంటివి మూడు చోట్ల: ఒకటి చెత్త పడే గీత మీద, ఒకటి పక్షులు వాలే చోట, ఒకటి వట్టి ఇసుకలో. నెలకోసారి ఫోటో తీసి ఏవి మొలిచాయి, ఏవి చచ్చాయి రాసుకోండి. చచ్చినవి రాయడం మర్చిపోవద్దు, సగం జవాబు అందులోనే ఉంటుంది. మొక్క పేరు తెలియకపోతే ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.